పందొమ్మిదో గడి

నాకు చదువు రాదన్న సంగతి బయటపడకుండా ఆ బడిలో ఏడాదిన్నర నెట్టుకొచ్చాను. గొప్పకి చెప్పడం లేదు. రోజూ భయపడుతూనే నెట్టుకొచ్చాను.

ఎనభైల్లో మాట. తెనాలిలో కాలువ పక్క సందులో ఒక పెంకుటింట్లో చిన్నపిల్లల బడి ఉండేది. ఆ సందులో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవి, సగం సాయిబులవి. అందుకని బడి కూడా రెండు భాషల్లో నడిచేది. టీచరమ్మ తెలుగులో చెప్పిన పాఠాన్నే ఉర్దూ మాస్టారు ఉర్దూలో చెప్పేవారు. పిల్లలందరూ రెండూ వినాలి, రెండూ రాయాలి. నేను అక్కడ ఆయాని. ఊడవడం, నీళ్ళు పట్టడం, గంట కొట్టడం, పిల్లల ముక్కులు తుడవడం నా పని.

పనిలో చేరిన రోజు బడి ప్రెసిడెంటుగారు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, మాట పొదుపు మనిషి.

"చదువు వచ్చామ్మా?"

"అయిదు దాకా చదివానండి."

ఎక్కడ నుంచి వచ్చిందో ఆ అయిదు! నేను బడి గుమ్మం తొక్కిందే లేదు. కానీ ఆయన ఎందుకు అడిగారో నాకు అప్పటికే తెలుసు. నాకు ముందున్న ఆయమ్మకి చదువు రాదట. పిల్లకి ఒంట్లో బాగాలేదు, పెరుగు పెట్టొద్దని ఒక తల్లి చీటీ రాసి పంపితే, ఆవిడ ఆ చీటీ బొడ్లో దోపుకుని పిల్లకి శుభ్రంగా పెరుగన్నం తినిపించింది. పిల్ల వారం రోజులు మంచాన పడింది. అప్పట్నుంచీ చదువు రాని మనిషిని పిల్లల దగ్గర పెట్టుకోనని ప్రెసిడెంటుగారు పట్టుబట్టారు.

మాది పిట్టలవానిపాలెం పక్క పల్లె. బుద్ధెరిగినప్పటి నుంచీ నాట్లే వేశాను. మా ఆయన పోయాడు, ఆ తర్వాత మోకాళ్ళు పోయాయి. వంగి నాటే పని ఇక నా వల్ల కాదు. బడి వెనక గది ఒకటి నాకిచ్చారు. పని పోతే ఆ గది కూడా పోతుంది. అబద్ధం ఎందుకు చెప్పానని ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

నెట్టుకురావడం ఎలాగంటే, దానికీ ఒడుపుంది. తల్లులు చీటీ తెస్తే, "చత్వారమమ్మా, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నోటితో చెప్పు" అనేదాన్ని. ఎవరూ లేనప్పుడు చీటీ వస్తే ఒక పిల్లని పిలిచి, "ఏదీ, నీకెంత వచ్చో చూద్దాం, చదువు" అనేదాన్ని. పిల్లలు మురిసిపోయి చదివేవాళ్ళు. ఆయమ్మ పాఠం ఒప్పజెప్పించుకుంటోందని టీచరమ్మ నన్ను మెచ్చుకుంది కూడా.

టీచరమ్మది బాపట్ల. రోజూ ప్యాసింజరులో వచ్చి పోయేది. ట్రైనింగు అక్కడే అయింది. పుస్తకం వల్లె వేయిస్తే పిల్లలకి ఏమీ రాదని ఆమె గట్టి నమ్మకం. ఒక పని ఎత్తుకుని వారాల తరబడి పిల్లలే చేయాలి, చూడాలి, రాయాలి, లెక్కపెట్టాలి అనేది. దాన్ని ప్రాజెక్టు అనేది. మొదట్లో ఆ మాట వింటే నాకు నాగార్జునసాగరే గుర్తొచ్చేది.

ఆ ఏడాది బళ్ళు తెరిచాక ఒకరోజు నన్నే అడిగింది.

"ఆయమ్మా, ఇప్పుడు మొదలుపెడితే మూడు వారాల్లో అయిపోయేది ఏదన్నా ఉందా? పిల్లలు కళ్ళారా చూసేది?"

"కోడి పొదుగుంది కదమ్మా. ఇరవై ఒక్క రోజులు."

ఆమె ముఖం వెలిగిపోయింది. నా నోరు ఊరుకోదు. ఆ ఒక్క మాటతో నా మెడకు నేనే ఉచ్చు బిగించుకున్నాను.

రేపల్లెలో మా అక్క ఉంది. పొదుగుకొచ్చిన నల్లపెట్టని ఆమె దగ్గర అడిగి, గంపలో పెట్టి పాత చీర కప్పి రైల్లో తెచ్చాను. పెట్టెలోవాళ్ళు "ఏంటమ్మా గంపలో?" అంటే "పంతులమ్మ" అన్నాను. అందరూ నవ్వారు. బుధవారం పొద్దున తరగతి గదిలో ఒక మూల ఊక పోసి, గడ్డి పరిచి, పదమూడు గుడ్లు పెట్టి పెట్టని కూర్చోబెట్టాం.

అక్కడే మొదటి పేచీ వచ్చింది. మా వైపు గుడ్లు పొదిగించేటప్పుడు గూట్లో ఇనప ముక్క పెడతాం. ఉరుముకి గుడ్లు చెడకుండా. నేను మేకు పెట్టబోతుంటే టీచరమ్మ ఆపింది.

"ఎందుకండీ అది?"

చెప్పాను. పిల్లల్లో సగంమంది మా ఇంట్లోనూ పెడతారన్నారు. సైకిలు షాపు సాయిబుగారి కూతురు, మా నానమ్మ కూడా పెడుతుందంది. ఇందులో మాత్రం తెలుగు, ఉర్దూ తేడా లేదు.

"అయితే ఈసారి పెట్టకుండా చూద్దామా? ఉరిమితే ఏమవుతుందో మనమే చూసి రాద్దాం" అంది టీచరమ్మ.

పిల్లలు ఓ అని చేతులెత్తారు. నేను మేకు తీసి కొంగున కట్టుకున్నాను. మనసులో మాత్రం తిట్టుకున్నాను. తొలకరి రోజులు, రోజూ ఏదో ఒక మూల ఉరుముతూనే ఉంది. పదమూడు గుడ్లూ మురిగిపోతే ఎవరిది బాధ్యత?

గోడకి పెద్ద చార్టు అంటించారు. ఇరవై ఒక్క గడులు. రోజుకి ఇద్దరు పిల్లలు, ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, ఆ రోజు కోడి సంగతి రాయాలి. టీచరమ్మ పెట్టిన కట్టడి ఒక్కటే. చూసిందే రాయాలి. అనుకున్నది రాయకూడదు, పక్కవాడు చెప్పింది రాయకూడదు. ఒకడు "కోడికి జ్వరం" అని రాస్తే, నువ్వు చూశావా అని అడిగి కొట్టేయించింది. వాడు మళ్ళీ కోడి కడుపు కింద చెయ్యి పెట్టి, "వేడిగా ఉంది" అని రాశాడు.

తల్లిదండ్రులకి ఇదంతా వెర్రిగా కనపడింది. ఒక గుమాస్తాగారు గుమ్మంలోనే నిలబడి అనేశారు.

"కోళ్ళు మేపడానికి బడెందుకండీ? మా దొడ్లో లేవా? అవతల కాన్వెంటు పిల్లలు ఇంగ్లీషులో పాటలు పాడుతున్నారు."

ప్రెసిడెంటుగారు అందరికీ ఒక మాట ఇచ్చారు. ఇరవై ఒకటో రోజు, మంగళవారం మధ్యాహ్నం అందరూ వచ్చి చూడండి, చార్టు పిల్లల చేత చదివిస్తాం, తర్వాత మాట్లాడండి అని.

నా కొంప ముంచింది ఆదివారాలు. బడి ఉండదు, కోడి ఉంటుంది. టీచరమ్మ బాపట్లలో ఉంటుంది.

"ఆదివారం గడి మీరే రాయండి ఆయమ్మా. ఉర్దూ మాట సైకిలు షాపు వాళ్ళమ్మాయి వచ్చి రాస్తుంది. ఎదురిల్లే కదా" అంది.

సరేనన్నాను. ఇంకేమనను?

మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆ పిల్ల పలక చంకన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆరేళ్ళుంటాయి. ముందు పళ్ళు రెండూ లేవు.

"ఏదీ, తెలుగు కూడా నువ్వే రాయి, నీకెంత వచ్చో చూద్దాం" అన్నాను నా పాత ఎత్తు ప్రకారం.

రాసింది. కోడి నీళ్ళు తాగింది అని రాశానంది. నిజమే, ఇద్దరం చూశాం. రాసి నా వంక చూసింది.

"ఆయమ్మా, నీకు రాదు కదా?"

"ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. నేను చూశా. నువ్వు చీటీ తలకిందులుగా పట్టుకుంటావు."

"ఎవరికన్నా చెబితే చూడు."

"చెప్పను. నేను నీకు నేర్పుతా. మరి కోడిని ఎత్తుకోనిస్తావా?"

ఇంతా చేసి నన్ను బెదిరించింది ఆరేళ్ళ పిల్ల. కోడిని ఎత్తుకోనిచ్చాను. ఆ వారం నుంచీ మధ్యాహ్నాలు నీళ్ళ గది వెనక పలక పట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది. తిట్టేది కూడా. "అట్లా కాదు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అచ్చం ఉర్దూ మాస్టారిలాగే చెవి దగ్గరికి చెయ్యి తెచ్చేది. రెండో ఆదివారానికి నాకు "కోడి" వచ్చింది. ఆ ఒక్క మాట నేను రాశాను, మిగతాది ఆ పిల్ల రాసింది.

మూడో ఆదివారం పందొమ్మిదో రోజు. చివరి మూడు రోజులు కోడిని కదపకూడదు. ఈ ముక్క పిల్లలకి చెప్పిందే నేను.

చర్చి నుంచి వస్తుంటేనే మబ్బు కమ్మింది. గదిలోకి అడుగుపెట్టానో లేదో పెంకులు అదిరేలా ఉరిమింది. ఆగింది, మళ్ళీ ఉరిమింది. పెట్ట ఈకలు రిక్కించుకుని గుడ్ల మీద బిగదీసుకుని కూర్చుంది. నేను కాసేపు నిలబడ్డాను. పదమూడు గుడ్లు. రెండు రోజుల్లో ఊరంతా వచ్చి చూస్తుంది. ఒక్క పిల్లా రాకపోతే టీచరమ్మ మాట పోతుంది. మూడో ఉరుముకి నా వల్ల కాలేదు. కొంగున మేకు ఎప్పుడో పడిపోయింది. వెనక గదిలో మొండి కొడవలి ఉంటే పట్టుకొచ్చి, కోడి కడుపు కింద గడ్డిలోకి తోయబోయాను.

చీకటి మూల, చల్లటి ఇనుము తగిలిందో ఏమో, కోడి ఒక్కసారిగా ఎగిరింది. నా ముఖం మీద రెక్కలు కొట్టి, గూట్లోనే తొక్కి, గది అవతలికి పోయింది. చూస్తే రెండు గుడ్లు చితికిపోయాయి. లోపల పిల్లలు. ఈకలతో సహా తయారైన పిల్లలు. ఒకటి కాసేపు కదిలింది.

ఆ సంగతి ఇంతకంటే రాయను.

కోడి మళ్ళీ గూటికి రాదే! బల్లల కింద తిరుగుతూ కుర్రుకుర్రుమంటోంది. పదకొండు గుడ్లు చల్లబడుతున్నాయి. నా చీర చెంగు కప్పి, రెండు చేతులూ వాటి మీద పెట్టి కూర్చున్నాను. గంట పట్టింది దానికి మనసు మారడానికి. అప్పుడు వచ్చింది ఆ పిల్ల, వానలో తడుస్తూ, పలక నెత్తిన పెట్టుకుని.

గూడు చూసింది. నన్ను చూసింది. నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను.

"పిల్లి వచ్చిందమ్మా. పిల్లి వచ్చింది, కోడి లేచింది, గుడ్లు పగిలాయి అని రాయి."

"ఏ పిల్లి?"

"ఏదో పిల్లి."

"ఏం రంగు?"

"తెల్లది."

"వానలో వచ్చిందా? మరి కాలి మచ్చలేవి?" గచ్చు మీద వెతికింది. నా కాలి మచ్చలు తప్ప ఏమీ లేవు. "నేను చూడలేదు. నేను రాయను."

"రాయవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"చూసిందే రాయాలి. నువ్వు చూశావు కదా, నువ్వే రాయి."

బతిమాలాను. కోడి పిల్ల ఒకటి ఇస్తానన్నాను. తిట్టాను కూడా. ఆ పిల్ల కదలలేదు. గడి ఖాళీగా వదిలేస్తే ఎందుకు రాయలేదని టీచరమ్మ అడుగుతుంది, రాయమని చేతికి పెన్సిలు ఇస్తుంది, అక్కడితో అయిపోతాను. ఎటు చూసినా గోడే. నేను నేల మీద చతికిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పిల్ల విని, పలక మీద రాసి నా ముందు పెట్టింది.

"నేను పలక మీద రాశా. చార్టు మీద నువ్వు రాయి."

పెన్సిలు పట్టుకున్నాను. నాట్లు వేసేటప్పుడు వేలెడంత నారు కూడా వంకర పోనివ్వని చెయ్యి నాది. ఆ రోజు ఒక్కో అక్షరం ఒక్కో వైపు పడుకుంది. గడి దాటి పక్క గడిలోకి పోయింది. అయినా పూర్తి చేశాను. ఉరిమింది. ఇనుము పెట్టాను. కోడి లేచింది. రెండు గుడ్లు పగిలాయి. నా తప్పు. "కోడి" అన్న మాట తప్పిస్తే, నా జన్మలో నేను రాసిన మొదటి మాటలు అవే.

ఆ పిల్ల కింద ఉర్దూలో చకచకా రాసేసింది. నేను చెప్పిందే ఆ భాషలో రాసిందనుకున్నాను. అడగలేదు.

సోమవారం టీచరమ్మ గడి చదివింది. చాలాసేపు చదివింది. "మీరే రాశారా?" అంది. "అవునండి" అన్నాను. పగిలిన గుడ్ల గురించి ఒక్క మాట అనలేదు. పిల్లలు మాత్రం నన్ను వదల్లేదు. "ఇనుము పెట్టొద్దన్నాం కదా ఆయమ్మా! ఇప్పుడు ఉరిమితే ఏమవుతుందో మనకెట్లా తెలుస్తుంది?" అని చుట్టూ చేరి దులిపేశారు. అంతలో గుడ్ల లోపల కిచకిచ వినపడింది. అందరూ గూటి దగ్గర చెవులొగ్గి పడుకున్నారు, చార్టు సంగతి మర్చిపోయారు.

ఉర్దూ మాస్టారు ఒక్కరే చార్టు ముందు ఆగారు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, తీసేసి, నా వంక చూశారు.

"జాగ్రత్తమ్మా" అన్నారు.

గుడ్ల గురించి అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి ఎనిమిది పిల్లలు పెంకులు పగలగొట్టుకుని వచ్చాయి. తల్లిదండ్రులు పాతికమంది దాకా వచ్చారు. ఇంగ్లీషు గుమాస్తాగారు ముందు వరసలో కూర్చున్నారు. ప్రెసిడెంటుగారు కుర్చీలో నిటారుగా ఉన్నారు. నేను గంట దగ్గర, తలుపు వారన నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే లేచి కర్రతో గడి చూపించి చదివారు. ఒకటి, రెండు, మూడు. కోడి నీళ్ళు తాగింది. కోడి నన్ను పొడిచింది. వేడిగా ఉంది. జనం నవ్వుతున్నారు. నేను గడులు లెక్కపెడుతున్నాను. పదహారు. పదిహేడు. పద్దెనిమిది.

పందొమ్మిదో గడి చదవమని టీచరమ్మ నన్ను పిలుస్తుందేమోనని తలుపు వెనక్కి జరిగాను. పిలవలేదు, తనే చదివింది. నా తప్పు అన్న మాట దగ్గర గొంతు తగ్గించింది. ప్రెసిడెంటుగారు కుర్చీలోంచి లేచి చార్టు దగ్గరికి వెళ్ళారు.

"ఈ రాత ఎవరిది?"

"ఆయమ్మదండి."

ఆయన అక్షరాల వంక చూశారు. నా వంక చూశారు. అయిదు దాకా చదివిన చెయ్యి అలా ఉండదని ఆయనకి తెలియదా?

"కింద ఉర్దూ కూడా కానివ్వండి" అన్నారు.

సైకిలు షాపు అమ్మాయి లేచింది. ఉర్దూలో గడగడా చదివింది. వెనక బెంచీల్లో ఉర్దూ వచ్చినవాళ్ళు ఒక్కసారిగా నా వంక తిరిగారు. నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల ఇటు తిరిగి, అందరికీ అర్థం కావాలని, తెలుగులో కూడా చెప్పింది.

"ఆయమ్మకి అక్షరాలు రావు. నేను పలక మీద రాశాను. ఆయమ్మ చూసి రాసింది. ఆయమ్మ చేతులు వణికాయి. ఆయమ్మ ఏడ్చింది."

చెప్పి కూర్చుంది. తప్పు చేసిన ముఖం కాదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, ఎవరికీ చెప్పలేదు కూడా. చూసింది రాసింది, అంతే. ఆ పిల్లకి చెప్పడం వేరు, చూసింది రాయడం వేరు.

ముందు మాట్లాడింది సైకిలు షాపు సాయిబుగారు.

"మా పిల్ల నిజం రాసిందని సంతోషించాలా సార్, ఆయమ్మ పని ఊడగొట్టిందని ఏడవాలా?"

కొందరు నవ్వారు. ప్రెసిడెంటుగారు నవ్వలేదు.

"ఏమ్మా, అయిదు దాకా చదివానన్నావు."

"అబద్ధమండి."

"రేపు ఒక పిల్లకి మందు చీటీ వస్తే?"

నేను తలొంచుకున్నాను. ఆ మాట అనడానికి ఆయనకి హక్కుంది, ఇప్పటికీ అంటాను.

టీచరమ్మ ముందుకొచ్చింది. "సార్, ఈ నెల్లో అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాళ్ళలో ఆయమ్మ కూడా ఉన్నారు. మిగతావాళ్ళకిచ్చిన గడువు ఆమెకీ ఇవ్వండి."

ఆయన కోడి వంక చూశారు. "ఇది పిల్లల్ని ఎన్నాళ్ళకి విడుస్తుంది?"

"రెండు నెలలండి" అన్నాను.

"అప్పటిదాకా ఉండు. ఆ రోజు ఒక చీటీ ఇస్తాను. చదివితే ఉంటావు, లేకపోతే లేదు."

ఆ రెండు నెలలు నేను తిన్నది ఏంటో, పడుకున్నది ఎప్పుడో గుర్తు లేదు. ఒకటో తరగతి పిల్లల వెనక గోనెపట్టా వేసుకుని కూర్చున్నాను. ఊడుస్తూ గోడల మీద రాతలు చదివాను. రేపల్లె వెళ్ళినప్పుడు స్టేషను బోర్డులన్నీ కూడబలుక్కుంటూ కూర్చుంటే, పక్కనావిడ "ఎక్కడ దిగాలో తెలీదా పిన్నిగారూ?" అంది. గుమాస్తాగారు తన కొడుకుని కాన్వెంటుకి మార్చేశారు. మిగతావాళ్ళు ఉంచారు. ఎనిమిది కోడిపిల్లల్లో రెండిటిని గద్ద ఎత్తుకుపోయింది. కోడి వాటిని పొడిచి దూరం కొడుతుందేమోనని రోజూ పొద్దున్నే చూసేదాన్ని. నా గడువు దాని ముక్కులో ఉంది.

ఒక శనివారం పొడిచింది. దాచలేదు, నేనే వెళ్ళి ప్రెసిడెంటుగారికి చెప్పాను.

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. నా కోసం రాసింది కాదు. ఆ పొద్దున ఒక తల్లి పంపిన చీటీ. కూడబలుక్కుని చదివాను. పిల్లకి రాత్రి నుంచి దగ్గు. చన్నీళ్ళు ఇవ్వొద్దు. అన్నం తిన్నాక సీసాలో మందు ఒక చెంచా. అక్కడిదాకా వచ్చాను. చివర్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఎటు తిప్పినా కొరుకుడు పడలేదు. చత్వారమని నోటిదాకా వచ్చింది.

"ఈ మాట రాదండి" అన్నాను.

"ఏ మాట?"

వేలు పెట్టి చూపించాను. ఆయన కాగితం తీసుకున్నారు. కళ్ళజోడు పైకెత్తి చూశారు, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో చూశారు.

"నాకూ తెలియడం లేదు. ఆ తల్లి ఇంటికి వెళ్ళి అడిగిరా. అడక్కుండా మందు పొయ్యకు" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, గోడ గడియారం చూశారు.

"పోయేముందు గంట కొట్టు. అయిదు నిమిషాలు ఆలస్యమైంది."